పేరుబలం చూసి పుంజు

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ళలో పందెం పుంజును పెంచేవాడు ఏడాదంతా ఎముక పుష్టి, కాలి పట్టు, బరువు చూస్తాడు. జీడిపప్పు, బాదం, ఖైమా మేపుతాడు, ఈత కొట్టిస్తాడు. భోగి తెల్లవారేసరికి అదే మనిషి కుక్కుట శాస్త్రం తెరుస్తాడు. డేగ, కాకి, నెమలి, కౌజు, పర్ల, సేతు, ఇలా ఈక రంగును బట్టి పేర్లు. వారాన్ని, నక్షత్రాన్ని, జామును బట్టి ఏ రంగు 'రాజ్యం'లో ఉందో, ఏది 'నిద్ర'లో ఉందో చూడాలి. ఆపైన పందెం కాసేవాడి పేరుకు ఏ రంగు కలిసొస్తుందో లెక్క కట్టాలి. దీన్ని మూఢనమ్మకమని తోసిపుచ్చితే అసలు సంగతి జారిపోతుంది. గెలుపును ముందే పట్టివ్వడం ఈ శాస్త్రం చేతిలో లేదు. పందేనికి రెండో పక్షాన్ని పుట్టించడమే దాని పని.

దండి సంస్కృతంలో రాసిన దశకుమార చరితాన్నే 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేశాడు. దండి కథలో ఆ పదిమంది కుమారుల్లో ఒకడైన ప్రమతి ఒక కోడిపందెం చూసి నవ్వుతాడు. నారికేళ జాతి పుంజు మీదికి బలాక జాతి పుంజును వదలడమేమిటని అతని నవ్వు. పక్కనున్న ముసలి బ్రాహ్మణుడు ఊరుకొమ్మని చెవిలో చెప్పి తాంబూలం ఇస్తాడు. ప్రమతి అనుకున్నట్టే నారికేళమే గెలుస్తుంది. అక్కడ మాట జాతి గురించే, మనిషి నక్షత్రం ఊసు లేదు. జాతి తెలిసినవాడు నోరు విప్పితే ఎదుటి పక్షాన డబ్బు పెట్టేదెవరు? పుంజుల సత్తా అందరికీ ఎరుకైన చోట పందెం కుదరదు. పేరును బట్టి లెక్క కట్టే నామనక్షత్రం ఆ చిక్కు విప్పుతుంది: ఒకే పుంజు ఒకరికి అచ్చొచ్చేది, మరొకరికి కానిది అవుతుంది కనుక డబ్బు రెండు వైపులా చేరుతుంది. ఎదుటి పుంజును చూసి దింపే చూపుడు పందెంలో కంటికి కొంత పని ఉంది. చూపకుండా దింపే ముసుగు పందెంలో పంచాంగానికే పెత్తనం.

రంగు వంశానికి గుర్తు, కాబట్టి శాస్త్రంలో పెంపకందారు అనుభవమే దాగి ఉందని అనవచ్చు. కొంత నిజమే. కానీ పుంజు వంశం భోగికీ కనుమకీ మధ్య మారదు, శాస్త్రం మెచ్చే రంగు మాత్రం రోజుకొకటి. అబద్ధమైతే ఓడినవాళ్ళు ఎప్పుడో వదిలేసేవారు కదా అన్నది ఇంకో మాట. రంగు, వారం, జాము, దిక్కు, పేరు ఇన్ని ఉన్నాక, ఏదో ఒక లెక్క తప్పిందని చెప్పుకోవడం ఓడినవాడికి కష్టం కాదు. (అప్పులవాడు ఆ సమాధానం వినడనుకోండి.)

కాలికి కట్టే కత్తిదీ రెండో పక్షాన్ని పుట్టించే పనే. కత్తిలేని డింకీలో బలం, ఓపిక తేలేదాకా పోరు సాగుతుంది. కత్తి కడితే ఒక్క వేటుకే మేలుజాతి పుంజూ కూలవచ్చు, నాసిరకం మీద కాసినవాడికీ ఆశ ఉంటుంది. 1960 జంతు హింస నిరోధక చట్టం జీవాలను పోట్లాటకు ఉసిగొల్పడాన్ని నేరమంది, 1974 రాష్ట్ర గేమింగ్ చట్టం జూదాన్ని పట్టుకుంది. కోడిపందెం జూదం కాదు, పుంజును ఎంచే నేర్పు అని వాదించేవారు పేరుబలం పుస్తకాన్ని ముందు ఇంట్లో దాచుకుని రావాలి.