పరభాషా పరీక్ష - పఠనావగాహన : కడప సీమ నేపథ్యంలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ఎం.బి.ఎ., ఎం.సి.ఎ. ప్రవేశాలకు నిర్వహించే ఐసెట్‌లో విశ్లేషణ, గణిత విభాగాల ప్రశ్నలను తెలుగులోనూ ఇస్తారు. భావప్రసార సామర్థ్య విభాగం మాత్రం ఆంగ్లంలోనే ఉంటుంది. అందులోని పఠనావగాహన ప్రశ్నల దగ్గర ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల తెలుగు మాధ్యమ విద్యార్థులు తడబడడం కద్దు. దీనిని ఆంగ్లశాఖకు చెందిన సమస్యగా భావించి మనం తరచు పక్కన పెడుతున్నాం. ఇది తెలుగువారి పఠనచరిత్రలోనూ భాగమేనని చూపడం ఈ వ్యాసోద్దేశం.

దిశ మారిన పరీక్ష

పరభాషలో పరీక్ష రాయవలసిన అగత్యం ఈ సీమలో మొదట ఆంగ్లేయునికే కలిగింది. 1812లో ఏర్పడిన ఫోర్ట్ సెయింట్ జార్జ్ కళాశాలలో కంపెనీ ఉద్యోగులు దేశభాషలు నేర్చి, పరీక్షలో నెగ్గవలసి ఉండేది. సి.పి. బ్రౌన్ అక్కడ తెలుగు నేర్చుకొని 1820లో కడపకు వచ్చాడు. తరువాతి కాలంలో ఆయన ప్రకటించిన 'తెలుగు రీడర్'లో ఉత్తరాలు, పోలీసు, రెవెన్యూ వ్యవహారాల పత్రాలు ఆంగ్లానువాదంతో, వివరణలతో ఉన్నాయి. నిజానికి అది తెలుగు పఠనావగాహన గ్రంథమే. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. మెట్రిక్యులేషన్‌లో ఆంగ్లం తప్పనిసరి అయింది. అంతటితో పరీక్ష దిశ మారింది. పాలకుడు ప్రజల భాషను చదివి అర్థం చేసుకోవలసిన స్థితి పోయి, పాలితుడు పాలకుని భాషను చదివి నెగ్గవలసిన స్థితి వచ్చింది. ఆంగ్లేయునికి వివరణలతో కూడిన రీడరు దొరికింది. మన విద్యార్థికి దక్కింది ప్రశ్నపత్రం.

ఇద్దరు పాఠకులు

ఈ సీమలోనే ఆంగ్లాన్ని స్వాధీనం చేసుకొన్న పాఠకులూ ఉన్నారు. ప్రొద్దుటూరులో 'శివతాండవం' రచించిన పుట్టపర్తి నారాయణాచార్యులు బాల్యంలో పెనుకొండలో పిట్ దొరసాని వద్ద ఆంగ్ల సాహిత్యం చదువుకొన్నారు. తరువాత ఆంగ్లంలోనూ కవిత్వం రాశారు. పులివెందుల ప్రాంతపు పైడిపాలెంలో జన్మించిన రాచమల్లు రామచంద్రారెడ్డి మాస్కోలో అనువాదకులుగా పనిచేశారు. ఆయన 'అనువాద సమస్యలు' గ్రంథానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఇద్దరూ తెలుగును వదలి ఆంగ్లంలోకి వెళ్లినవారు కారు. రెండు భాషల వాక్యాలనూ ఎదురెదురుగా నిలిపి చూడగలిగినవారు.

వాక్యం దగ్గర చిక్కు

జమ్మలమడుగులో తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదివిన నాకు ప్రవేశపరీక్ష శిక్షణలో అందిన సలహా ఒకటే: ముందు ప్రశ్న చదవాలి, అందులోని మాటను గద్యభాగంలో వెతకాలి. మాట దొరికేది, భావం దొరికేది కాదు. కారణం వాక్యనిర్మాణంలో ఉంది. 'నిన్న ప్రొద్దుటూరులో పత్తి అమ్మిన రైతు' అన్నప్పుడు విశేషణమంతా రైతుకు ముందు వస్తుంది. ఆంగ్లంలో రైతు ముందు వచ్చి, వివరణ 'హూ' తరువాత సాగుతుంది. వివరణ పెరిగేకొద్దీ ప్రధానక్రియ ఏ కర్తకు చెందుతుందో తెలియక విద్యార్థి దారి తప్పుతాడు. అట్లే 'ఎ ఫ్యూ' అంటే 'కొద్దిమంది', 'ఫ్యూ' అంటే 'కొద్దిమందే'. మనకు అవధారణార్థక ఏకారం చేసే పనిని అక్కడ ఒక చిన్న పదం లేకపోవడం చేస్తున్నది. ఊహించి రాయవలసిన ప్రశ్నకు సమాధానం ఒక్కొక్కసారి ఇంతటి సూక్ష్మభేదం మీదనే ఆధారపడుతుంది. నిఘంటువు దీనిని తీర్చలేదు. తెలుగు వ్యాకరణం బాగా తెలిసిన ఉపాధ్యాయుడు తీర్చగలడు.

ముగింపు

ఉన్నతవిద్యకు తెలుగులో పాఠ్యగ్రంథాలు సమకూర్చడానికి 1968లో తెలుగు అకాడమి ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుండి డిగ్రీ బోధన ఆంగ్లమాధ్యమంలోకి మారింది. ఇక పఠనావగాహన ఒక ప్రవేశపరీక్షకు మాత్రమే పరిమితం కాదు, ప్రతి పాఠమూ అదే అవుతుంది. కనుక డిగ్రీ స్థాయి తెలుగు పాఠ్యప్రణాళికలో తులనాత్మక వాక్యపరిశీలనకు, అనువాదాభ్యాసానికి చోటు కల్పించడం అవసరం. రెండు శతాబ్దాల క్రితం ఒక ఆంగ్లేయుడు తన వారికోసం చేసిన పనిని మన విద్యార్థులకోసం మనం చేయవలసి ఉంది.