ముంజేతి కడియము



ముంజేతి కంకణమునకు అద్దమేల యని మనవారందురు. కంటికి కనబడు దానికి వేరు సాక్ష్య మక్కరలేదని దాని తాత్పర్యము. కాని యొక కడియమును చూచి అది యేమిటో తెలిసికొనలేక నేను తికమకపడితిని. నా మనుమడు హైదరాబాదునుండి వచ్చుచు నాకొక కడియము తెచ్చెను. రాగితీగె, ఇత్తడితీగె, తెల్లని లోహపుతీగె కలిపి పేనిన పని. "తాతయ్యా, ఇది టిబెట్టు కడియము. కీళ్లనొప్పులకు మంచిదట; ఇందు వెండియు నున్నదట" యని నా చేతికి తొడిగెను. హుజూర్‌నగరమెక్కడ, టిబెట్టెక్కడ యని మొదట నవ్వితిని. పిదప విచారింపగా, ఆ రెంటికి నడుమ మన కృష్ణవేణి యున్నదని తోచినది.

అమరసింహుడు తన నిఘంటువునందు ముంజేతి సొమ్మునకు ఆవాపకము, పారిహార్యము, కటకము, వలయము అను పేళ్లు చెప్పినాడు. ఆ కటక శబ్దమే వాడుకలో మారి మన నోట కడియమైనది. కటకమనగా రాజధాని యనియు, సేన విడిసిన చోటనియు నర్థము కలదు. మనకు దిగువ కృష్ణయొడ్డున వెలసిన ధాన్యకటకము, అనగా నేటి ధరణికోట, అమరావతి, అట్టి పేరు గలదే. బుద్ధుడు కాలచక్రతంత్రమును అచ్చటనే ఉపదేశించెనని టిబెట్టువారి సంప్రదాయము. ల్హాసా చెంత 1416లో వెలసిన గొప్ప మఠమునకు వారు ద్రేపుంగ్ అని పేరిడిరి. దానికి ధాన్యరాశి యని యర్థము. మన ధాన్యకటకమును తలచి పెట్టిన పేరది. 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్రదీక్ష యొసగినప్పుడు, హిమాలయ ప్రాంతములనుండి వేలకొలది జనులు ఆ నేలకు వచ్చి మ్రొక్కిరి. అమరావతి శిల్పములలోని స్త్రీలను చూడుడు: మణికట్టునుండి పైకి వరుసలు వరుసలుగా కడియములు. పురుషులకును కడియములు, భుజకీర్తులు కలవు. ఆ శిలలు నేడు చెన్నపట్టణపు ప్రదర్శనశాలయందును, లండనునందును పెక్కు గలవు.

ఇక టిబెట్టు పని మాట. వారు వెండి, రాగి, ఇత్తడి వాడుదురు. పగడములు, నీలిపచ్చని ఫిరోజారాళ్లు పొదుగుదురు. వజ్రాయుధము, తుద లేని ముడి, ఆరక్షరముల మణిమంత్రము చెక్కుదురు. ఈ విద్యలో వారికి నేపాళపు నేవారు శిల్పులు చిరకాల సహాయులు. 13వ శతాబ్దమున నేవారు శిల్పియగు అరనికో టిబెట్టునకు పోయి, అచ్చటినుండి కుబ్లాయిఖాను కొలువునకు చేరి కీర్తి గాంచెను. 1959లో దలైలామాయు, ఆయన వెంట నసంఖ్యాకులగు జనులును మన దేశమును శరణు జొచ్చిరి. కన్నడదేశమున బైలకుప్పె, ముండగోడు మున్నగు చోట్ల వారికి భూములిచ్చిరి. ద్రేపుంగ్ మఠము ముండగోడున మరల వెలసినది. ఊరు పోయినను వారు తమ చేతిపనిని విడువలేదు.

మనమో? మన కంసాలి యింట కుంపటి, మూస, పటకారు, ఒరగల్లు ఉండెడివి. మురుగులు, కంకణములు, పురుషులకు వెండికడియములు అచ్చటనే పుట్టెడివి. పూర్వము రాజులు పండితుల చేతులకు సింహపు మోముల కడియములు, సింహతలాటములు, తొడిగి గౌరవించిరి; పెద్దనార్యుని కాలికి రాయలు గండపెండేరము తొడిగెనని ప్రతీతి. మన తండాలలోని లంబాడీ తల్లులు బరువైన వెండిసొమ్ములను తరతరములుగా కాపాడిరి. నేనో, మా తల్లిగారి వెండికడియములను పాతబడినవని పట్టణమున ఒక దుకాణమున కరగించి, వాని మారుగా సన్నని గొలుసు తెచ్చితిని. తరుగు పోగా మిగిలినది స్వల్పము. ఆ కడియముల లోపలివైపున కంసాలి చెక్కిన చిన్న గుర్తును నేను చిన్ననాడు వ్రేలితో తడవి చూచెడివాడను. ఆ గుర్తు మూసలో కరగిపోయినది. ఏ వెండియు దానిని తిరిగి తేలేదు.

కావున కడియము కొనువారికి నాలుగు మాటలు. బజారున "టిబెట్టు వెండి" యను పేరు విని మోసపోవలదు. ఆ పేరిట అమ్ముడగు వస్తువులలో పెక్కింట వెండియే యుండదు. నికెలు, తుత్తునాగము, ఒక్కొకప్పుడు సీసము కలిసిన తెల్లలోహము మాత్రముండును. నికెలు కొందరి చర్మమునకు దురద పుట్టించును. సీసము విషము, పసిపిల్లలు నోట పెట్టుకొందురు. మా యూరి కంసాలి నా కడియమును గీచి చూచి, ఇందు వెండి లేదనెను. నిజమైన వెండికి 1000 పాళ్లలో 925 పాళ్లని తెలుపు ముద్ర అడుగుడు. అంచులు నునుపుగ నుండవలెను, అతుకు కనబడరాదు. సందున్న కడియమును మణికట్టు ప్రక్కనుండి త్రిప్పుచు తొడగవలెను. ప్రతిదినమును విప్పార్చి మూసిన లోహమలసి విరుగును.

కీళ్లనొప్పుల మాట మరింత ముఖ్యము. నా సహాధ్యాయి యొకడు వైద్యుని విడిచి రాగికడియమును నమ్మి యేడాది గడపెను. అంతలో వ్రేళ్లు వంకరపోయినవి. ఇంగ్లండున యార్క్ విశ్వవిద్యాలయమువారు 70 మంది కీళ్లవాతరోగులపై పరీక్ష చేసి, రాగికడియమువలన నొప్పిగాని వాపుగాని తగ్గలేదని 2013లో ప్రకటించిరి. సొగసునకో, భక్తికో, జ్ఞాపకమునకో తొడుగుడు. మందునకు మాత్రము వైద్యుని యొద్దకు పొండు.

రాగికడియము చెమటకు చర్మముపై పచ్చనిమరక వేయును. అది కడిగిన పోవును, భయపడనక్కరలేదు. చిలుము పట్టిన రాగిని, ఇత్తడిని చింతపండుతో తోమి, నీట కడిగి, తడి లేకుండ తుడువవలెను. వెండికి కుంకుడురసము, మెత్తనిగుడ్డ చాలును. రాళ్లు పొదిగిన దానికి పులుపు తగులరాదు; ఫిరోజా, పగడము చెడిపోవును. చెక్కడపు సందులలోని నలుపు పనివాడు కావలెనని నిలిపినది, దానిని తోమివేయవలదు.

నా మనుమడు తెచ్చిన కడియమును నేడును తొడిగియున్నాను. అది వెండి కాదని తెలిసినను, వాడు ప్రేమతో తెచ్చినది. కాని మీ యింట అవ్వల నాటి కడియముండెనేని, మూసలో వేయక ముందు ఒక్కమారు లోపలివైపు వ్రేలితో తడవి చూడుడు. గుర్తు కనబడినచో, దాని కథను మీ మనుమలకు చెప్పుడు.

సెలవు.