గజ్జెతోపాటు గొంతు

రేడియోలో నాట్యం కనిపించదు. అందుచేత నాట్యాన్ని గూర్చి రేడియోలో ప్రసంగించటం ఏమి సబబని ఎవరైనా అడిగితే తప్పు పట్టవలసిన పని లేదు. కాని కూచిపూడి విషయంలో ఈ ఆక్షేపణ సగమే చెల్లుతుంది. కూచిపూడి భాగవతుల ఆటలో కంటితో చూడవలసినది ఎంత ఉన్నదో, చెవితో వినవలసినదీ అంతే ఉన్నది.

1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైనది. అంతకు ఎన్నో తరాల ముందునుంచే కృష్ణా డెల్టా పల్లెలలో జనం తెల్లవార్లూ కూర్చుండి భామాకలాపం విన్నారు. తెరమీదుగా జడ వేసి ప్రవేశించే సత్యభామ కేవలం ఆడి ఊరుకొనేది కాదు. ఆ పాత్రధారి తన దరువు తానే పాడేవాడు. తానెవరో తన నోటితోనే చెప్పుకొనేవాడు. మాధవితో మాటకు మాట బదులిచ్చేవాడు. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని శాస్త్రం చెప్పిన నాలుగు అభినయాలలో వాచికానికి ఇంత పెద్దపీట వేసిన నాట్యరీతులు మన దేశంలో కొద్ది. తక్కిన రీతులతో కలిసి నడిచిన కాలంలో ఈ వాచికానికి ఏమి జరిగినదన్నదే ఇక్కడి ప్రశ్న.

విజయవాడనుంచి బందరు రోడ్డున పోయి, పామర్రు వద్ద చల్లపల్లి దారి పట్టితే కూచిపూడి వస్తుంది. దానికి చెంతనే మొవ్వ ఉన్నది. క్షేత్రయ్య పదాలలోని మువ్వగోపాలుడిది ఆ ఊరేనని మనవారి నమ్మకం. సిద్ధేంద్రయోగి భామాకలాపం రచించి కూచిపూడి బ్రాహ్మణ బాలురకు నేర్పినాడనీ, గోలకొండ ప్రభువు తానీషా ఆ గ్రామాన్ని భాగవతులకు అగ్రహారంగా ఇచ్చినాడనీ పరంపరగా చెప్పుకొంటారు. ఆ మేళాలలో స్త్రీలు లేరు, ఆడవేషాలన్నీ పురుషులవే. అయితే ఇదే తీరాంధ్రంలో దేవాలయాలను, ఆస్థానాలను ఆశ్రయించుకొని కలావంతుల నాట్యం వేరొక పాయగా ప్రవహించినది. వారూ పదాలు అభినయించినారు; వారూ కలాపాలు ఆడినారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చిన తరువాత ఆ పాయ బహిరంగ వేదికలనుంచి దాదాపు తప్పుకొన్నది.

కూచిపూడికి ఇటీవలి చరిత్రలో ముగ్గురు గురువులను త్రిమూర్తులుగా పేర్కొంటారు: చింతా వెంకటరామయ్య, వెంపటి వెంకటనారాయణ, వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి. వీరిలో శాస్త్రిగారి దారి మన ప్రస్తుతాంశానికి దగ్గరది. మేళంతో ఆడే ఆటనుంచి ఏకపాత్ర నాట్యానికి, యక్షగానంనుంచి పదాభినయానికి ఆయన బాట వేసినారు. మద్రాసు చేరి స్త్రీలకు నేర్పినారు. భరతనాట్యంలో అభినయానికి పెట్టింది పేరైన తంజావూరు బాలసరస్వతి కూడ ఆయన వద్ద అభినయం నేర్చినవారే. ఇది ఆశ్చర్యం కాదు. భరతనాట్య కచేరీలో అభినయించే పదాలలో ముఖ్యమైనవి క్షేత్రయ్యవి. వాటి భాష తెలుగు. రెండు రీతుల నడుమ వంతెన వేసినది మన భాషే. కూచిపూడి ఇతరులనుంచి పుచ్చుకొన్నదేకాని ఇచ్చినది లేదనే మాట నిలువదు.

1958లో కేంద్ర సంగీత నాటక అకాడమి ఢిల్లీలో నాట్యసదస్సు జరిపినది. విస్సా అప్పారావుగారు అక్కడ కూచిపూడి పక్షాన ప్రసంగించినారు. ఇది స్వతంత్రమైన శాస్త్రీయ రీతియా, లేక భరతనాట్యంలోనిదే ఒక శాఖయా అన్న వివాదం ఆనాడు రేగినది. మరుసటి ఏట, అనగా 1959లో, ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమి హైదరాబాదులో సదస్సు ఏర్పాటు చేసి సమాధానం చెప్పినది. బందా కనకలింగేశ్వరరావుగారు ఆ పక్షానికి ముందు నిలిచినారు. పేరు నిలిచినది, గౌరవం దక్కినది. కాని శాస్త్రీయమని నిరూపించుకొనే తొందరలో కచేరీ పద్ధతి కూచిపూడికి మరింత చేరువ అయినది. రెండు గంటల వేదిక, ఒక నర్తకి, పక్కన గాయకుడు, నట్టువాంగం: ఈ ఏర్పాటులో నర్తకి నోరు విప్పవలసిన అవసరం తగ్గినది.

1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమి స్థాపించిన వెంపటి చినసత్యంగారు కూడ లక్ష్మీనారాయణ శాస్త్రిగారి శిష్యులే. ఆయన అడుగులకు క్రమం కూర్చి, రేఖలు తీర్చి, ఎక్కడివారైనా నేర్వదగిన పాఠంగా నాట్యాన్ని మలచినారు. భుజంగరాయశర్మగారి రచనతో, పట్రాయని సంగీతరావుగారి సంగీతంతో ఆయన నృత్యనాటకాలు దేశమంతటా ఆడినవి. స్త్రీలు స్త్రీ పాత్రలు ధరించినారు. ఇది చిన్న లాభం కాదు. అయితే ఈ నాటకాలలో పాట ప్రధానంగా పక్కనున్న గాయకులదే అయినది.

పలు రీతులను ఒకే దేహంలో నిలుపుకొన్న నర్తకీమణులు కూడ ఈ కాలంలోనే వెలసినారు. ఇంద్రాణీ రెహమాన్ భరతనాట్యం, ఒడిస్సీలతోపాటు కోరాడ నరసింహారావుగారి వద్ద కూచిపూడి అభ్యసించి విదేశాలకు చేర్చినారు. 1940లో మదనపల్లెలో జన్మించి 2024లో కీర్తిశేషులైన యామినీ కృష్ణమూర్తి కలాక్షేత్రంలో భరతనాట్యం నేర్చి, లక్ష్మీనారాయణ శాస్త్రి, చింతా కృష్ణమూర్తి, పసుమర్తి వేణుగోపాలకృష్ణశర్మగార్ల వద్ద కూచిపూడి నేర్చి, ఒడిస్సీ కూడ సాధించినారు. ఇది తేలిక పని కాదు. భరతనాట్యపు అరమండి నేలకు అంటుకొని నిలకడ కోరుతుంది. ఒడిస్సీ త్రిభంగి నడుమును పక్కకు ఒరిగిస్తుంది. కూచిపూడి అడుగులో ఒక తుళ్లింత ఉన్నది. ఒకటి అలవడిన కాలికి రెండవది నేర్పేటప్పుడు మొదటిది అడ్డు తగులుతుంది. అలవాటును అదుపులో పెట్టి, దేనికది వేరుచేసి చూపటమే అక్కడి విద్య.

కాలు, చేయి, నడుము విషయంలో గురువులు ఈ జాగ్రత్త తీసుకొన్నారు. గొంతు విషయంలో అంత జాగ్రత్త జరిగినట్లు కనిపించదు. భరతనాట్యం నేర్చి కూచిపూడికి వచ్చే బాలికకు సాధారణంగా పళ్లెం అంచుమీద తరంగం ఆడటమే పెద్ద ఆకర్షణ. భామ దరువును తన నోటితో పాడి, సంభాషణ నడిపే సాధన వెనుకబడుతుంది. సత్యభామ వేషానికి ప్రసిద్ధులైన వేదాంతం సత్యనారాయణశర్మగారు కడదాక ఆ పాత పద్ధతికి నిదర్శనంగా నిలిచినారు. 2012లో చినసత్యంగారు, శర్మగారు ఇద్దరూ కాలధర్మం చెందినారు. ఒకరు కూచిపూడికి ప్రపంచాన్ని చూపినారు. ఒకరు దాని మాటను కాపాడినారు. మనకు ఇద్దరూ కావలెను.

రీతులు కలిసినందువలన నాట్యం చెడుతుందని నా అభిప్రాయం కాదు. బాలసరస్వతి, యామినీ కృష్ణమూర్తి దానికి ప్రత్యక్ష సాక్ష్యం. చెప్పదలచినది ఇంతే: కొత్త రీతి నేర్వబోయేవారు తమకు ఇదివరకే తెలిసినదానితో పోలినది కాక, అందులో లేనిది ముందు నేర్వవలెను. కూచిపూడిలో ఆ లేనిది గొంతు. తల్లిదండ్రులు తమ బిడ్డను కూచిపూడి గురువు వద్ద చేర్చినప్పుడు, గజ్జె ఎన్నాళ్లకు కట్టిస్తారని మాత్రమే అడుగుతారు. భామ మాట ఎన్నాళ్లకు పలికిస్తారని కూడ అడిగితే బాగుండును. ఆ బిడ్డ ఏనాడైనా రేడియో ముందుకు వస్తే, కనిపించకపోయినా సత్యభామ అని శ్రోతలు పోల్చుకొంటారు.