ముఖాముఖి

ప్రజ్ఞాపూర్ బస్టాండులో పొద్దున్నే జూబ్లీ బస్టాండు బస్సు కోసం నిలబడ్డ పిల్లల చేతిలో సర్టిఫికెట్ల ఫైలు కనిపిస్తే పక్కనున్న పెద్దాయన అడిగే మాట ఒకటే: "ఇంటర్వ్యూనా బిడ్డా?" పత్రికలు దాన్నే మౌఖిక పరీక్ష అంటాయి, ముఖాముఖి అనీ రాస్తాయి. పని ఒకటే కానీ ఈ పేర్లు చెప్పే సంగతి ఒకటి కాదు.

'పరీక్ష'లో ఉన్నది ఈక్ష, అంటే చూపు. ముందు 'పరి' చేరితే చుట్టూ తిప్పి చూడటం. సంతలో బేరగాడు ఎద్దు పళ్ళు చూస్తాడే, అట్లా. చూసేవాడొకడు, చూపించుకునేది ఇంకొకటి. ఆ తర్వాత కబురు కోసం చేసే నిరీక్షణలోనూ, కబురే పంపని ఉపేక్షలోనూ ఉన్నది ఆ ఈక్షే.

'ముఖాముఖి' పుట్టుక వేరు. సంస్కృతంలో కేశాకేశి, దండాదండి అని పోట్లాట మాటలున్నాయి. ఒకరి జుట్టు ఒకరు పట్టుకుంటే కేశాకేశి, ఇద్దరూ కర్రలతో కొట్టుకుంటే దండాదండి. ఒకరిపై ఒకరు అదే పని చేయడాన్ని వ్యాకరణం కర్మవ్యతిహారం అంటుంది. ముఖాముఖిదీ ఆ అచ్చే. ఒక్కరే చూస్తే ఈ సమాసం నిలవదు. 'ఇంటర్వ్యూ'కు మూలమైన ఫ్రెంచి మాటకూ ఒకరినొకరు చూసుకోవడమనే అర్థం. మన పెళ్లిచూపులనూ బహువచనంలోనే వాడతాం.

ఆ చూపులకు ముందు పెద్దలు ఊరికే కూర్చోరు. అవతలివాళ్ళ మంచీచెడ్డా, పొలమూ అప్పులూ నాలుగు చోట్ల అర్సుకుంటారు. అర్సుకోవటానికి మూలమైన 'అరయు' అంటే పాత తెలుగులో చూడటం, వెతకటం, తెలుసుకోవటం కూడా. ఉద్యోగానికి పోయేవాళ్ళు చేసుకోవలసిన తయారీ అంతా ఆ ఒక్క క్రియలో ఉంది. కంపెనీ ఏం చేస్తుంది, ఎవరికి అమ్ముతుంది, ఈ కుర్చీ ఎందుకు ఖాళీ అయింది, జీతం నెలనెలా పడుతుందా, బాండు రాయించుకుంటారా, షిఫ్టు దిగేసరికి ఊరికి బస్సుంటుందా?

మనమేమో జవాబులు బట్టీపట్టి పోతాం. చివర్లో "మీరేమన్నా అడుగుతారా?" అంటే "ఏం లేదు సార్" అని లేచి వస్తాం. అక్కడితో ముఖాముఖి కాస్తా పరీక్షయిపోతుంది.

2022లో తెలంగాణ ప్రభుత్వం గ్రూప్-1, గ్రూప్-2 నియామకాల్లో ఇంటర్వ్యూలు తీసేసింది. చూపు ఒకవైపు నుంచే సాగేచోట మార్కుల మీద అనుమానం ఎప్పుడూ ఉండేదే. ప్రైవేటు కొలువులకు మాత్రం ఇప్పటికీ ఎదురుగా కూర్చోక తప్పదు.

ప్రజ్ఞాపూర్ పేరులోని ప్రజ్ఞకు నిఘంటువు చెప్పే అర్థం బుద్ధి. విడదీస్తే, 'జ్ఞా' తెలుసుకోవటం. 'ప్ర'కున్న అర్థాల్లో 'ముందుకు' అన్నదొకటి. బస్సు మలుపు తిరిగేలోపు ఆ పెద్దాయన ఇంకో మాట అడుగుతాడు: "వాళ్ళ సంగతి అర్సుకున్నవా బిడ్డా?"