గుణధనం, అంత్యధనం: తెలుగు గణిత పరిభాషలో ఒక విచ్ఛిన్నత

హైదరాబాదు తూర్పు భాగాన ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో రాష్ట్ర పాఠ్యప్రణాళికను అనుసరించే పాఠశాలల్లో పదవ తరగతి విద్యార్థి ‘శ్రేఢులు’ అనే అధ్యాయాన్ని చదువుతాడు. శీర్షిక ప్రాచీనమే. లోపలి ‘పదాంతరం’, ‘సామాన్య నిష్పత్తి’ మాత్రం ఆధునిక కాలంలో కూర్చుకున్న మాటలు. వీటి వెనుక ఉన్న పూర్వ పరిభాషను విస్మరిస్తే పావులూరి మల్లన వంటి కవిని సరిగా చదవడం కష్టం.

మల్లన ‘సారసంగ్రహ గణితము’నకు మూలం మహావీరాచార్యుని ‘గణితసారసంగ్రహం’. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, అంటే 9వ శతాబ్దంలో, వెలువడిన సంస్కృత గ్రంథమది. మల్లన కాలం విషయంలో సాహిత్య చరిత్రకారులు ఏకాభిప్రాయానికి రాలేదు. రాజరాజనరేంద్రుని (1022–1061) కాలంతో ముడిపెట్టే వాదం ప్రసిద్ధం.

మహావీరుని పరిభాషలో మొదటి పదం ఆది, పదాంతరం చయ, పదాల సంఖ్య గచ్ఛ. గచ్ఛలో ఒకటి తగ్గించి చయతో గుణించి ఆదిని కలిపితే అంత్యధనం వస్తుంది. ఆది 3, చయ 5, గచ్ఛ 8 అయితే అంత్యధనం 38. ఆద్యంతాల మొత్తంలో సగాన్ని గచ్ఛతో హెచ్చిస్తే సర్వధనం 164. ఇంతవరకు నేటి పాఠానికీ దీనికీ తేడా లేదు.

చిక్కంతా గుణశ్రేఢిలోనే ఉంది. అక్కడ ఆదిని గుణంతో గచ్ఛ ఎంతో అన్ని మార్లు హెచ్చించగా వచ్చేది గుణధనం. ఆది 3, గుణం 2, గచ్ఛ 5 అయితే గుణధనం 96. శ్రేఢిలోని చివరి పదం 48 మాత్రమే. అంటే గుణధనం శ్రేఢి లోపలి పదం కాదు, దాని తరువాత రావలసిన పదం. దాని నుండి ఆదిని తీసివేసి, ఒకటి తక్కువైన గుణంతో భాగిస్తే మొత్తం 93 లభిస్తుంది. గుణధనాన్ని ‘చివరి పదం’ అని అనువదిస్తే లెక్క 45 దగ్గర ఆగిపోతుంది. పరిభాషా నిఘంటువులు కూర్చేవారు గమనించవలసిన అంశమిది.

మల్లన పేరిట ప్రసిద్ధమైన చదరంగపు పద్యానికి కూడా ఇదే ఆధారం. మొదటి గడిలో ఒకటితో మొదలై గడిగడికీ రెట్టింపయ్యే సంఖ్యల మొత్తాన్ని ఆ పద్యం భూతసంఖ్యలలో చెబుతుంది. శశి అంటే 1, శరం అంటే 5, వియత్తు అంటే 0. అంకెలను కుడి నుండి ఎడమకు పేర్చుకోవాలి. వచ్చే సంఖ్య 18446744073709551615. అరవై నాలుగు గళ్ళను ఒక్కొక్కటిగా కూడి ఈ ఫలితాన్ని రాబట్టనక్కర లేదు. గచ్ఛ సరిసంఖ్య అయితే సగం చేసి వర్గానికి సున్న గుర్తునూ, బేసి అయితే ఒకటి తీసి గుణకారానికి ఒకటి గుర్తునూ పెట్టి, ఆ గుర్తులను చివరి నుండి వెనక్కు అమలు చేసే పద్ధతి మహావీరునిలో ఉంది. 64కు ఒక గుణకారం, ఆరు వర్గాలు చాలు: 2, 4, 16, 256, 65536, 4294967296, ఆపైన గుణధనం. దాని చివరి అంకె 6. పద్యంలోని సంఖ్య 5తో ముగియడానికి కారణం ఆదిని తీసివేయడమే.

సాహిత్య చరిత్రలు ఈ పద్యాన్ని తరచు చమత్కారంగా పేర్కొని విడిచిపెడతాయి. అందులోని ఆ చివరి 5 ఒక సూత్రం అమలైన గుర్తు.