బందరు విద్యార్థి, ఆంగ్ల పరీక్ష

1843లో రాబర్టు నోబుల్ బందరులో ఆంగ్ల పాఠశాలను స్థాపించినది క్రైస్తవ మతప్రచారమునకే యైనను, అందు బిడ్డలను చేర్చిన తండ్రుల దృష్టి మాత్రము కచ్చేరీ కొలువుపైననే యుండెను. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయ మేర్పడి, మెట్రిక్యులేషన్ పరీక్షను నెలకొల్పిన పిమ్మట, గణితమున ఘనుడైనను, సంస్కృతమున నిష్ణాతుడైనను, ఆంగ్లమున తప్పిన విద్యార్థి మొత్తము పరీక్ష తప్పినవాడే యయ్యెను. చదివినదంతయు ఒక్క పత్రముతో కొట్టుకొనిపోవుట న్యాయమా యని అడిగిన నాథుడు లేడు.

సర్కారు పరీక్షల నీడ సోకని విద్యను అందింపనెంచి కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగారలు 1910లో బందరులోనే ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. సంకల్పము గొప్పది, కొలువు మాత్రము సర్కారు పట్టమునే కోరెడిది.

నేడు కృష్ణా విశ్వవిద్యాలయ పరిధిలో చదువు గుడివాడ, దివిసీమల పిల్లలకు రెండు పరీక్షలు. డిగ్రీ ఆంగ్ల పత్రమును గైడు వల్లించియైన గట్టెక్కవచ్చును. విదేశ విద్యకై వ్రాయు ఐఈఎల్‌టీఎస్‌లో ఆ పప్పు లుడుకవు: చెవులకు తగిలించిన హెడ్‌ఫోనులో సంభాషణ ఒక్కమారే వినబడును, అర్థము కాలేదని మరల అడుగుటకు అచట మాస్టారుండడు. అదియునుగాక పరీక్షకుని యెదుట పదునొకండు మొదలు పదునాలుగు నిమిషములు మాటలాడవలెను. ఇంతచేసి సంపాదించిన స్కోరు సాధారణముగా రెండేండ్లకే చెల్లును. తాతగారి మెట్రిక్యులేషన్ పట్టమున కట్టి గడువు లేదు.