ఫారంలో లేని గడి: భర్తకు దూరమైన అమ్మాయి, స్కాలర్‌షిప్

ఈ ఎపిసోడ్‌లో ఒక ఫారం చరిత్ర చెప్పుకుందాం. ఫారానికి చరిత్రేంటి అనుకోకండి. దాని మీద చాలామంది అమ్మాయిల చదువు ఆధారపడి ఉంది.

మన నెల్లూరు తీరంలో, చిల్లకూరులో ఒక అమ్మాయి ఉందనుకోండి. ఇంటర్ అవగానే పెళ్ళి చేశారు. రెండేళ్ళకే పుట్టింటికి వచ్చేసింది. విడాకులు కాలేదు, కోర్టు గడప కూడా ఎక్కలేదు. పక్కనే ఉన్న గూడూరులో డిగ్రీ చేరదామనుకుంటే స్కాలర్‌షిప్ దగ్గర ఒక ప్రశ్న ఎదురైంది: ఆదాయం ఎవరిది చూపించాలి? నాన్నదా, భర్తదా?

ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో, బ్రిటిష్ వాళ్ళ కాలంలోనే మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా కొనసాగిన ఈ పథకం మార్గదర్శకాల్లో ఒక చిన్న నోట్ కనిపిస్తుంది. మామూలుగా తల్లిదండ్రుల ఆదాయం చూడాలి. పెళ్ళయి, ఉద్యోగం లేని విద్యార్థిని అయితే భర్త ఆదాయం చూడాలి. అంటే ఆ ఫారానికి ఆడపిల్ల ఒకరి కూతురు, కాకపోతే ఒకరి భార్య. భర్త సంపాదనలో ఒక్క రూపాయి కూడా ఆమె చేతికి రాకపోయినా, లెక్కలో మాత్రం అది ఆమె ఆదాయమే.

నేను కోడ్ రాసే రోజుల్లో ఇలాంటివాటిని ఎడ్జ్ కేస్ అనేవాళ్ళం. కానీ మన చరిత్రలో ఇది ఎడ్జ్ కేస్ కానే కాదు.

దుర్గాబాయి దేశ్‌ముఖ్‌నే తీసుకోండి. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి. ఊహ తెలిశాక ఆ కాపురానికి వెళ్ళనన్నారు. తండ్రి ఆమె పక్కన నిలబడ్డారు. బనారస్‌లో మెట్రిక్, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డిగ్రీ, మద్రాసులో లా చదివి రాజ్యాంగ సభ దాకా వెళ్ళారు. పుట్టింటి అండ లేకపోతే ఆ కథ ఎక్కడ ఆగిపోయేదో ఊహించుకోండి.

ఆ అండ లేనివాళ్ళ సంగతి ఆవిడ మర్చిపోలేదు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. ఆ బోర్డు 1958లో మహిళల కోసం సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టింది. వితంతువులు, భర్త వదిలేసినవాళ్ళు, చదువు మధ్యలో ఆగినవాళ్ళు తక్కువ కాలంలో పరీక్షలు పాసయ్యేలా స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇచ్చారు. చూశారా, ఇక్కడ ఆ మనిషిని ముందే దృష్టిలో పెట్టుకుని పథకం రాశారు.

ఇప్పుడు మన రాష్ట్రానికి వద్దాం. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. మొదట డబ్బు కాలేజీకి వెళ్ళేది. 2021లో విద్యా దీవెన కింద తల్లి ఖాతాకి మారింది. 2024లో ప్రభుత్వం మారాక మళ్ళీ కాలేజీకే అన్నారు. డబ్బు అడ్రస్ ఇన్నిసార్లు మారింది కానీ, 'కుటుంబం అంటే ఎవరు' అన్న లెక్క మాత్రం రేషన్ కార్డు, ఆదాయ ధ్రువీకరణ పత్రం చుట్టూనే తిరుగుతోంది. కార్డులో భర్త పేరుంటే, ఇంట్లో లేకపోయినా ఉన్నట్టే.

మరి విడిగా ఉంటున్నామని చూపించేదెలా? నోటి మాట చాలదు, కాగితం కావాలి. 1955 హిందూ వివాహ చట్టంలో విడాకులే కాదు, సెక్షన్ 10 కింద న్యాయపరంగా విడిగా ఉండే దారి కూడా ఉంది. 1976 సవరణతో పరస్పర అంగీకార విడాకులు వచ్చాయి. దానికి కనీసం ఏడాది విడిగా ఉండాలి. లాయర్ ఖర్చుకి భయపడి ఆగకండి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. హెల్ప్‌లైన్ నంబర్ 15100.

కానీ కోర్టు తీర్పు అడ్మిషన్ల తేదీ చూసుకుని రాదు. అసలు చిక్కు అక్కడే ఉంది. ఆమె తన కాపురం ముగిసిందని నిరూపించుకునేలోపు ఒక విద్యా సంవత్సరం పోతుంది. 1958లో ఆమె కోసం పథకమే రాయగలిగిన దేశం, ఇప్పుడు ఫారంలో ఒక్క గడి పెట్టలేదా?

మీ ఊళ్ళో ఇలా ఆగిపోయిన అక్కో చెల్లో ఉంటే, ముందు ఆ నంబర్ ఆమెకు పంపండి. అడ్మిషన్లు మొదలయ్యేదాకా ఆగొద్దు.